పెద్దమ్మ బ్రౌజర్ మార్చడానికి పట్టిన మూడు నెలలు

మా పెద్దమ్మ కంప్యూటర్ తెర మీద ఎడమ అంచున, పైనుంచి మూడో చోట ఒక గుర్తు ఉండేది. ఆవిడ దాన్ని ‘ఇంటర్నెట్’ అనేది. వెబ్ పేజీలు తెరిచే ప్రోగ్రాంను బ్రౌజర్ అంటారు, ఆ మాట ఆవిడకు తెలియదు. 71 ఏళ్ల జీవితంలో దానితో ఎప్పుడూ పని పడలేదు. ఆ గుర్తు మీద రెండుసార్లు నొక్కితే ఒక పేజీ తెరుచుకునేది. దాని మధ్యలో ఉన్న ఆరు చిన్న బొమ్మల్లో రెండోది నొక్కితే ఉత్తరాలు, నాలుగోది నొక్కితే బ్యాంకు, చివరిది నొక్కితే మనవరాలి ఫొటోలు వచ్చేవి. కిందటేడు ఒక సాయంత్రం నేను వాళ్లింట్లో కూర్చుని ఉండగా తెర కుడివైపు కింది మూలన ఒక ఎర్రటి పెట్టె లేచి, “మీ కంప్యూటర్‌లో 5 వైరస్‌లు ఉన్నాయి, వెంటనే శుభ్రం చేయండి” అని చెప్పి మాయమైంది. పది నిమిషాలకు మళ్లీ వచ్చింది. “అది రోజూ అలాగే చెబుతుంది నాన్నా, నేనే పట్టించుకోవడం లేదు” అంది పెద్దమ్మ, తప్పు ఒప్పుకుంటున్నట్టు గొంతు తగ్గించి.

కుర్చీ లాక్కుని చూశాను. మూడో చోట ఉన్నది నేను ఎన్నో ఏళ్ల క్రితం పెట్టి వెళ్లిన బ్రౌజర్ కాదు. దాదాపు అదే రంగుల్లో, అదే గుండ్రటి ఆకారంలో ఉన్న మరొకటి. వీడియోలు చూసుకోవడానికి ఎవరో పెట్టిన ఉచిత ప్రోగ్రాంతో పాటు అది కూడా లోపలికి దిగి, పాత గుర్తును తీసేసి ఆ చోటులో తను కూర్చుంది. ఆరు బొమ్మలనూ అదే వరుసలో చూపించింది. వెతికే పెట్టె మాత్రం తనది పెట్టుకుంది. పెద్దమ్మ అందులో ఏది వెతికినా ఫలితాలలో మొదటి నాలుగైదు ప్రకటనలే. పేజీలను తెర మీద చూపించే దాని లోపలి ఇంజన్ రెండేళ్ల కిందటిది. ఆవిడకు ఈ మార్పు జరిగినట్టే తెలియదు. ఆ విషయం అప్పుడు నాకు కోపం తెప్పించిందే తప్ప, అందులో నేను నేర్చుకోవలసినది ఉందని తట్టలేదు.

రెండేళ్ల పాత బ్రౌజర్ అంటే ఎందుకంత భయమో కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఇంట్లో పెద్దవాళ్లు అడిగే మొదటి ప్రశ్న “బాగానే పనిచేస్తోంది కదా” అన్నదే, అది న్యాయమైన ప్రశ్న కూడా. మనం ఒక వెబ్ పేజీ తెరిచినప్పుడు కాగితం చదివినట్టు అనిపిస్తుంది గానీ, నిజానికి ముక్కూ మొహం తెలియని వాళ్లు రాసిన ప్రోగ్రాంను మన యంత్రం మీద నడవనిస్తున్నాం. ఆ ప్రోగ్రాం పేజీ దాటి బయటికి రాకుండా, మన ఫైళ్లను ముట్టుకోకుండా కాపలా కాయడమే బ్రౌజర్ అసలు పని. ఆ కాపలాలో కంతలు ఎప్పటికప్పుడు బయటపడుతూనే ఉంటాయి, వాటిని పూడ్చే సవరణలూ ఎప్పటికప్పుడు వస్తూనే ఉంటాయి. చిక్కంతా ఇక్కడే ఉంది: గూగుల్ బ్రౌజర్ క్రోమ్‌కు మూలమైన క్రోమియం, అలాగే ఫైర్‌ఫాక్స్ అనే మరో బ్రౌజర్, బహిరంగంగా రాసే ప్రోగ్రాంలు కాబట్టి, ఒక కంతను పూడ్చిన రోజున ఆ కంత ఎక్కడుందో కూడా లోకానికి తెలిసిపోతుంది. సవరణ అందినవాళ్లకు అది రక్ష. అందనివాళ్ల విషయంలో దొంగకు దారి చూపించే పటం. కంత బయటపడటానికీ సవరణ అందడానికీ మధ్య ఉన్న ఈ వ్యవధిని తగ్గించాలనే క్రోమ్ 2023 ఆగస్టు నుంచి భద్రతా సవరణలను వారానికొకసారి పంపడం మొదలుపెట్టింది. వారం ఆలస్యమే ఎక్కువని వాళ్లు అనుకుంటున్న చోట, మా పెద్దమ్మ రెండేళ్లు వెనకబడి ఉంది.

కొన్నిసార్లు తప్పు బ్రౌజర్‌లో ఉండదు, దాని కింద ఉన్న ఆపరేటింగ్ సిస్టంలో ఉంటుంది. విండోస్ 7కు మైక్రోసాఫ్ట్ మద్దతు 2020 జనవరి 14తో ముగిసింది. ఆ యంత్రాల మీద నడిచే చివరి క్రోమ్ 109వ వెర్షన్. మైక్రోసాఫ్ట్ పాత బ్రౌజర్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్‌ను విండోస్ 10లో 2022 జూన్ 15న విరమించారు. ఆ విండోస్ 10కు కూడా మామూలు మద్దతు 2025 అక్టోబరు 14న ముగిసింది. కాబట్టి ఎవరికైనా బ్రౌజర్ మార్చాలని కూర్చునే ముందు ఆ యంత్రానికి ఇంకా సవరణలు వస్తున్నాయో లేదో చూడాలి. రాకపోతే బ్రౌజర్ ఒక్కటి మార్చి నిశ్చింతగా ఉండటానికి లేదు. అదృష్టవశాత్తూ పెద్దమ్మ యంత్రానికి ఆ ఇబ్బంది లేదు.

ఆ సాయంత్రమే నేను అంతా మార్చేశాను. పాత బ్రౌజర్ తీసేశాను, ఫైర్‌ఫాక్స్ పెట్టాను, నా కంప్యూటర్‌లో ఎంత కట్టుదిట్టంగా పెట్టుకుంటానో అంత కట్టుదిట్టంగా దాని సెట్టింగులు బిగించాను. సైట్లు మనల్ని గుర్తుపట్టడానికి బ్రౌజర్‌లో దాచే కుకీలన్నీ అది మూయగానే చెరిగిపోయేలా చేశాను, పేజీల్లో నడిచే చిన్న ప్రోగ్రాంలైన స్క్రిప్టులను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ (బ్రౌజర్‌కు తగిలించే అదనపు ప్రోగ్రాం) పెట్టాను, వెతికే పెట్టె మార్చాను. గంటన్నరలో పని అయింది. ఆ గంటన్నరలో పెద్దమ్మ మౌస్ ముట్టుకోలేదు, నా వెనక నిలబడి చూసింది, చివర్లో “సరే నాన్నా” అంది. నేను తృప్తిగా ఇంటికి వచ్చాను.

రెండు నెలల తరువాత వెళ్లి చూస్తే మూడో చోట మళ్లీ ఆ పాత గుర్తే ఉంది. పక్కింటి అబ్బాయిని అడిగి మళ్లీ పెట్టించుకుంది. కారణాలు ఒక్కొక్కటే మెల్లగా చెప్పింది. ఆరు బొమ్మలు పోయాయి. ఉత్తరాల పేజీ తెరిచిన ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగింది, దాని తరువాత ఫోనుకు వచ్చే అంకెలు అడిగింది, అంకెలు వెతుక్కునేలోగా గడువు దాటిపోయింది. బ్యాంకు పేజీలో బొత్తాం నొక్కితే ఏమీ జరగలేదు. మనవరాలి ఫొటోలు నెల రోజులు చూడలేదు. “నాకెందుకు చెప్పలేదు పెద్దమ్మా” అని అడిగితే, “అంత కష్టపడి చేసి వెళ్లావు, పనికిరాలేదంటే బాధపడతావని” అంది. ఆ మాటకు నాకు చాలాసేపు సమాధానం దొరకలేదు. ఆవిడ భద్రత కోసం చేశానని అనుకున్న పని వల్ల ఆవిడ నెల రోజులు తన సొంత కంప్యూటర్‌లో దారి తప్పి తిరిగింది, అది కూడా నా మనసు నొప్పించకూడదని ఎవరికీ చెప్పకుండా.

అప్పుడు నాకు మొదటి సాయంత్రం చూసిన విషయం గుర్తొచ్చింది. ఆ దొంగ బ్రౌజర్ ఆవిడకు తెలియకుండానే ఆవిడ ఇంటర్నెట్ మొత్తాన్ని మార్చగలిగింది, ఎందుకంటే అది ఆవిడ అలవాటులో ఒక్క అంగుళం కూడా కదిలించలేదు: గుర్తు అక్కడే, బొమ్మలు అవే, వరుస అదే. మేలు చేయాలని వెళ్లిన నేను వాటిలో ఒక్కటి కూడా మిగల్చలేదు. ఆవిడ కంప్యూటర్ ఎలా వాడుతుందో చెడు తలపెట్టినవాళ్లు గమనించినంత శ్రద్ధగా, ఆవిడను ప్రేమించే నేను గమనించలేదు.

రెండోసారి వెళ్లినప్పుడు ఒక గంటసేపు మౌస్ ముట్టుకోకూడదని నిశ్చయించుకుని పక్కన కూర్చున్నాను. రోజూ చేసేవి చేయమన్నాను, ఒక కాగితం మీద రాసుకున్నాను. తెర పైన సైటు చిరునామా ఉండే అడ్రస్ బార్‌ను ఆవిడ ఎప్పుడూ ముట్టుకోదు. పూర్తి చిరునామా తెలిసినా దాన్ని పేజీ మధ్యలో ఉన్న వెతికే పెట్టెలోనే టైపు చేస్తుంది, వచ్చిన ఫలితాల్లో మొదటిదాన్ని నొక్కుతుంది. మొదటిది ప్రకటన అయితే ప్రకటననే నొక్కుతుంది. ట్యాబ్‌లు ఉన్నాయని తెలియదు కాబట్టి అవి మూతపడవు. ఆ రోజు 38 తెరిచి ఉన్నాయి. అక్షరాలు చిన్నవిగా ఉంటే ముందుకు వంగి చూస్తుంది. ఇక ఆ ఆరు బొమ్మలు ఆవిడ దాచుకున్న బుక్‌మార్క్‌లు కావు, ఎక్కువగా చూసిన పేజీలను బ్రౌజర్ తనంతట తాను చూపించేవి. అందుకే బుక్‌మార్క్‌లు తెచ్చి పెట్టుకున్నా అవి రావు. ఈ ఒక్క సంగతి ముందే తెలిసి ఉంటే ఆవిడకు ఆ నెల రోజుల ఇబ్బంది ఉండేది కాదు. కొత్త బ్రౌజర్ తొలి పేజీలో ఆ ఆరింటినీ నేనే ఒక్కొక్కటిగా చేర్చి, అదే వరుసలో, కదలకుండా పిన్ చేయాలి.

ఏ బ్రౌజర్ అన్న ప్రశ్నకు నేను మొదట ఇచ్చినంత ప్రాముఖ్యం ఇప్పుడు ఇవ్వను. ఫైర్‌ఫాక్స్, క్రోమ్, ఎడ్జ్, సఫారీ, బ్రేవ్ వీటిలో ఏదైనా ఆవిడ వాడుతున్నదానికంటే ఎన్నో రెట్లు నయం. అన్నీ తమంతట తాము అప్‌డేట్ అవుతాయి, అన్నీ మోసపు పేజీల జాబితాలతో సరిచూసి హెచ్చరిస్తాయి. గూగుల్ నడిపే సేఫ్ బ్రౌజింగ్ జాబితాను ఫైర్‌ఫాక్స్, సఫారీ కూడా వాడుకుంటాయి. తేడాలు వేరేచోట ఉన్నాయి. ఒక సైటు వేసిన కుకీ ఇంకో సైటులో మన వెంట పడకుండా ఫైర్‌ఫాక్స్ 2022 జూన్ నుంచి ఏ సెట్టింగూ మార్చనవసరం లేకుండానే ఆపుతోంది, సఫారీ 2020 మార్చి నుంచి బయటి సైట్ల కుకీలను పూర్తిగా నిరోధిస్తోంది. క్రోమ్ కూడా ఆ పని చేస్తామని 2020లో చెప్పి, 2024 జూలైలో ఆ ఆలోచన విరమించుకుంది.

నాకు ఇంతకంటే పెద్దది ప్రకటనల సంగతి. పెద్దవాళ్లకు వచ్చే ఆపదల్లో నేను కళ్లారా చూసినవి చాలావరకు వెతికిన ఫలితాల పైన వచ్చే ప్రకటనల నుంచే మొదలయ్యాయి: బ్యాంకు పేరుతో వెతికితే బ్యాంకులా కనిపించే వేరే పేజీ, ప్రింటర్ పేరుతో వెతికితే సాయం చేస్తామనే ఫోన్ నంబరు. 2022 డిసెంబరులో అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఈ రకం మోసం గురించి ప్రజలను హెచ్చరిస్తూ, వెతికేటప్పుడు ప్రకటనలను అడ్డుకునే ఎక్స్‌టెన్షన్ వాడమని సలహా ఇచ్చింది. అలాంటివాటిలో నేను నమ్మేది రేమండ్ హిల్ రాసిన యూబ్లాక్ ఆరిజిన్. క్రోమ్ తన ఎక్స్‌టెన్షన్ల పద్ధతి మార్చాక అందులో దాని పూర్తి రూపం నడవదు, లైట్ అనే తేలిక రూపమే నడుస్తుంది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిగా నడుస్తుంది. అందుకని పెద్దమ్మకు ఫైర్‌ఫాక్స్‌నే ఉంచాను. ఈసారి పెట్టిన ఎక్స్‌టెన్షన్ అదొక్కటే. రక్షణ స్థాయిని మామూలుగానే వదిలేశాను, కుకీలు చెరిపే పని తీసేశాను. నా వంటి వాడికి అవి పనికొస్తాయి. ఆవిడకు ప్రతిసారీ పాస్‌వర్డ్ అడిగించడం వల్ల భద్రత పెరగలేదు, ఎవరు అడిగినా పాస్‌వర్డ్ టైపు చేసే అలవాటు మాత్రం పెరిగింది.

మా బాబాయి ఐప్యాడ్ వాడతారు. ఆయనకు నేను ఏమీ మార్చలేదు. ఐరోపా సమాఖ్య వంటి చోట్ల చట్టం కొత్త వెసులుబాటు తెచ్చినా, ఐఫోన్, ఐప్యాడ్‌లలో ఏ పేరుతో ఉన్న బ్రౌజర్ అయినా లోపల ఆపిల్ సొంత బ్రౌజర్ సఫారీ వాడే వెబ్‌కిట్ ఇంజన్ మీదే నడుస్తూ వచ్చింది. అక్కడ బ్రౌజర్ మార్చి ఆయన అలవాటును కదిలించడం వల్ల ఒరిగేది తక్కువ.

ఈ దశలో ఒక స్నేహితుడు, ఫైర్‌ఫాక్స్‌కు ఆ పాత గుర్తు బొమ్మనే తగిలించి, కింద ‘ఇంటర్నెట్’ అని పేరు పెట్టి, ఆవిడకు చెప్పకుండా ఊరుకోమన్నాడు. కొద్ది నిమిషాల పని, బహుశా పారేది కూడా. కానీ నాకు మనసొప్పలేదు. ఆవిడకు తెలియకుండా ఆవిడ దారి మార్చినవాళ్ల పద్ధతే అది. మన ఉద్దేశం మంచిదైనంత మాత్రాన పద్ధతి మారదు. పైగా రేపు ఎవరైనా ఫోన్ చేసి “మీ బ్రౌజర్ పాడైంది” అంటే, తన దగ్గర ఏముందో తెలిసిన మనిషి ఎదురు ప్రశ్న వేయగలదు, తెలియని మనిషి వేయలేదు. అందుకని గుర్తును మూడో చోటులోనే పెట్టాను, కింద పేరు మాత్రం ఆవిడతో కలిసి ‘కొత్త ఇంటర్నెట్’ అని మార్చాను. పాతదాన్ని తీసేయలేదు. దాని గుర్తును ‘పాతది’ అనే ఫోల్డర్‌లో పెట్టి, కావాలంటే అక్కడ ఉంటుందని చూపించాను. అది ఉన్నంతకాలం ప్రమాదం పూర్తిగా పోలేదన్నది నిజమే. కానీ వెనక్కి వెళ్లే దారి కళ్లెదుట ఉన్నప్పుడే మనిషి భయం లేకుండా ముందుకు నడుస్తుందని నాకు అనిపించింది. ఉత్తరాల్లో లింకులు నొక్కితే పాతది తెరుచుకోకుండా, విండోస్ సెట్టింగులలో డిఫాల్ట్ బ్రౌజర్‌ను మార్చడం మాత్రం మరిచిపోలేదు. ఆ ఒక్కటి మరిచిపోతే మిగతా పనంతా వృథా అవుతుంది.

పాస్‌వర్డ్‌ల దగ్గర జాగ్రత్త పడవలసి వచ్చింది. పేరున్న బ్రౌజర్ల నుంచి అయితే ఫైర్‌ఫాక్స్ నేరుగా తెచ్చుకుంటుంది గానీ, ఈ ఊరూపేరూ లేని బ్రౌజర్ నుంచి వాటిని ఒక ఫైలుగా బయటికి తీసి మళ్లీ ఎక్కించాలి. ఆ ఫైలులో పాస్‌వర్డ్‌లన్నీ ఎవరైనా చదవగలిగే మామూలు అక్షరాల్లో ఉంటాయి. పని కాగానే దాన్ని తీసేసి, చెత్తబుట్టను కూడా ఖాళీ చేయాలి. అలాంటి బ్రౌజర్ చేతిలో రెండేళ్లు ఉన్న పాస్‌వర్డ్‌లు కనుక బ్యాంకుది, ఉత్తరాలది ఆ రోజే మార్చాం. ఆవిడకు ఒక పాస్‌వర్డ్‌ల నోటు పుస్తకం ఉంది. దాన్ని దాచుకోవద్దని చెప్పే వాళ్లతో నేను ఏకీభవించను. దూరాన ఉన్న దొంగ ఆ పుస్తకాన్ని తెరవలేడు, అది ఆవిడ బీరువాలో ఉంటుంది. వేరువేరు చోట్లకు వేరువేరు పాస్‌వర్డ్‌లు పెట్టుకునే ధైర్యం ఆవిడకు ఆ పుస్తకం వల్లే వచ్చింది.

బ్రౌజర్‌లో పాస్‌వర్డ్ దాచుకోవడం వల్ల అసలు లాభం టైపు చేసే శ్రమ తప్పడం కాదు. దాచిన పాస్‌వర్డ్‌ను బ్రౌజర్ సరిగ్గా అదే చిరునామా ఉన్న సైటులో మాత్రమే నింపుతుంది. ఒక్క అక్షరం తేడాతో ఉన్న నకిలీ పేజీ మనిషి కంటిని మోసం చేయగలదు, బ్రౌజర్‌ను మోసం చేయలేదు. “గడులు వాటంతట అవి నిండకపోతే నువ్వు నింపకు, నాకు ఫోన్ చెయ్యి” అని చెప్పాను. చిరునామా పక్కన కనిపించే తాళం గుర్తు గురించి నేనే ఒకప్పుడు నేర్పిన పాఠాన్ని ఇప్పుడు నేనే చెరపవలసి వచ్చింది. తాళం ఉంటే మంచి సైటు అని చాలామందిలాగే నేనూ చెప్పేవాణ్ణి. తాళం చెప్పేది మధ్యలో ఎవరూ వినలేరని మాత్రమే, అవతల ఉన్నది ఎవరో కాదు. లెట్స్ ఎన్‌క్రిప్ట్ వంటి సంస్థలు 2015 నుంచి, సైటుకు ఆ తాళం రావడానికి కావలసిన ధ్రువపత్రాలను ఉచితంగా ఇస్తున్నాయి, అది లోకానికి మంచే చేసింది, కానీ మోసగాళ్లకూ అవి దొరుకుతాయి. ఆ గుర్తును జనం తప్పుగా అర్థం చేసుకుంటున్నారనే 2023లో క్రోమ్ దాన్ని తీసేసి వేరే గుర్తు పెట్టింది.

ఇవన్నీ చెప్పాక కూడా పెద్దమ్మకు గుర్తుండేలా చెప్పవలసింది ఒకటి మిగిలే ఉందని నాకు తోస్తూ వచ్చింది. ఆ ఎర్రటి పెట్టెను కంప్యూటరే మాట్లాడుతున్నట్టు ఆవిడ ఎందుకు నమ్మింది? తెర మీద ఏ మాట ఎవరిదో ఆవిడకు ఎవరూ చెప్పలేదు కాబట్టి. తెర పైభాగంలో, అడ్రస్ బార్ కింద వేలితో అడ్డంగా ఒక గీత గీసి చూపించాను. ఆ గీతకు పైన ఉన్నది బ్రౌజర్ సొంత స్థలం. అక్కడ ఏ సైటూ తనకిష్టమైనది రాయలేదు, తన పేరు, చిన్న గుర్తు తప్ప. గీతకు కింద ఉన్నదంతా ఆ పేజీ రాసినవాళ్లది. అక్కడ వాళ్లు ఏమైనా రాయవచ్చు, విండోస్ పెట్టెలా కనిపించే పెట్టె గీయవచ్చు, తిరుగుతున్న చక్రం గీయవచ్చు, వైరస్‌లు లెక్కపెడుతున్నట్టు నటించవచ్చు. బ్రౌజర్ అప్‌డేట్ చేయమని నిజంగా అడిగేది పైన, మూడు గీతల మెనూ దగ్గర కనిపిస్తుంది. పేజీ మధ్యలో అడిగితే అది బ్రౌజర్ మాట కాదు. పెద్దమ్మ తన వేలితో తెర మీద ఆ గీతను మళ్లీ గీసి, “అంటే ఇది గడప అన్నమాట” అంది. అప్పటి నుంచి మేమిద్దరం దాన్ని గడప అనే పిలుస్తున్నాం.

ఆ గడప దాటే దారులు రెండున్నాయి, వాటి మీదే ఎక్కువ సమయం పెట్టాను. మొదటిది నోటిఫికేషన్లు. ఒక సైటు “మీకు నోటిఫికేషన్లు పంపవచ్చా” అని అడుగుతుంది, అనుమతించే బొత్తాం నొక్కామా, ఆ తరువాత ఆ పేజీ మూసి ఉన్నా తెర మూలన తన మాటలు చూపించగలదు, అవి కంప్యూటర్ చెప్పినట్టే కనిపిస్తాయి. మోసపు పేజీలు ఈ అనుమతిని “మీరు రోబో కాదని నిరూపించడానికి నొక్కండి” అని చెప్పి తీసుకుంటాయి. పెద్దమ్మ పాత బ్రౌజర్‌లో అలా అనుమతి పొందిన సైట్లు 19 ఉన్నాయి, ఎర్రటి పెట్టె వాటిలో ఒకదానిది. ఫైర్‌ఫాక్స్ 2020 జనవరిలో వచ్చిన 72వ వెర్షన్ నుంచి ఈ అడగడాన్ని తెర మీదకి దూసుకురానివ్వకుండా పైన ఒక చిన్న గుర్తుగా అణిచి ఉంచుతోంది. నేను గోప్యత, భద్రత సెట్టింగులలో కొత్త విన్నపాలన్నింటినీ నిరోధించే గడిని కూడా టిక్ చేశాను. ఇంట్లో పెద్దవాళ్ల కంప్యూటర్ ముందు ఐదు నిమిషాలు మాత్రమే దొరికితే, బ్రౌజర్ మార్చే సమయం లేకపోతే, ఈ ఒక్క పనైనా చేసి రమ్మని నేను అందరినీ కోరతాను.

రెండో దారి తెరంతా ఆక్రమించే పేజీ. అది తెరుచుకోగానే అడ్రస్ బార్ మాయమవుతుంది, గడపే ఉండదు. పెద్ద శబ్దంతో ఒక హెచ్చరిక, దాని కింద ఫోన్ నంబరు. మైక్రోసాఫ్ట్ తన హెచ్చరికల్లో ఎప్పుడూ ఫోన్ నంబరు ఉండదని స్పష్టంగా చెబుతుంది. కాబట్టి నంబరు కనిపించిందంటే అది మోసమని అక్కడే తేలిపోతుంది. కీబోర్డు మీద ఎడమ పైమూలన ఉన్న ఎస్కేప్ మీటను కాసేపు నొక్కి పట్టుకోవాలి, అప్పటికీ పోకపోతే ఆల్ట్, ఎఫ్4 మీటలు కలిపి నొక్కాలి, అదీ కుదరకపోతే నిరభ్యంతరంగా కంప్యూటర్ పవర్ బొత్తాంనే పట్టి ఆపేయాలి. ఎస్కేప్ మీట మీద ఒక చిన్న ఎర్ర స్టిక్కర్ అంటించాం. నాలుగుసార్లు అభ్యాసం చేయించాను: నేను ఒక వీడియోను పూర్తి తెరలో పెట్టడం, ఆవిడ దాన్ని మూయడం.

దూరం నుంచి తన కంప్యూటర్‌ను నేనే నడిపేలా ఒక ప్రోగ్రాం పెట్టమని పెదనాన్న అడిగారు. ఆయన ఉద్దేశం అర్థమైంది, అయినా వద్దన్నాను. ఫోన్ చేసి మోసం చేసేవాళ్లు మొదట పెట్టించేది సరిగ్గా అలాంటి ప్రోగ్రాంనే. నావల్ల ఆ పద్ధతి ఇంట్లో మామూలు విషయంగా మారకూడదని నా పట్టుదల. దాని బదులు తెర మీద ఉన్నవాటికి మేము పేర్లు పెట్టుకున్నాం: పైన పొడుగు పెట్టె, మూడు గీతలు, ఎడమ బాణం, డాలు గుర్తు, గడప. ఇప్పుడు ఆవిడ ఫోన్‌లో “పొడుగు పెట్టె పక్కన డాలు గుర్తుంది, పేజీ సగమే వచ్చింది” అని చెబితే, నేను చూడకుండానే సంగతి గ్రహించగలుగుతున్నాను. బ్యాంకు పేజీ ఒకసారి అలా సగంలో ఆగినప్పుడు, ఆ డాలు గుర్తు నొక్కి ఆ ఒక్క సైటుకు రక్షణ సడలించడం ఆవిడే చేసింది.

మూడు వారాలపాటు పాత బ్రౌజర్‌ను ఎన్నిసార్లు తెరిచిందో నేను అడగలేదు. నాలుగో వారంలో తనే ఫోన్ చేసి, “ఆ ఫోల్డర్‌లోది ఇక అక్కర్లేదు, వచ్చినప్పుడు తీసేద్దాం” అంది. తీసేసినప్పుడు మౌస్ ఆవిడ చేతిలోనే ఉంది. తరువాత ఆ వీడియోల ప్రోగ్రాంను కూడా వెతికి తీసేశాం, విండోస్‌తో వచ్చే, వైరస్‌లను వెతికే డిఫెండర్‌తో పూర్తి పరీక్ష చేయించాం. అది మిగిలిపోయిన రెండు ఫైళ్లను పట్టుకుంది.

కిందటి వారం వెళ్లినప్పుడు చూశాను: బ్రౌజర్ తాజా వెర్షన్‌లో ఉంది, నోటిఫికేషన్ల అనుమతుల జాబితా ఖాళీగా ఉంది, తెరిచి ఉన్న ట్యాబ్‌లు నాలుగు. ఆవిడ నోటు పుస్తకంలో కొత్తగా ఒక పేజీ నిండా తెర బొమ్మ గీసుకుని, గడప ఉన్న చోట స్కేలుతో గీత కొట్టుకుంది. దాని కింద నన్ను అడగవలసిన ప్రశ్నలు రెండు రాసి పెట్టుకుంది. అక్షరాలు ఇంకొంచెం పెద్దవిగా చేయవచ్చా అన్నది మొదటిది. కంట్రోల్ మీట పట్టుకుని కూడిక గుర్తు నొక్కడం అక్కడే నేర్చుకుంది. ఫోన్‌లో ఎవరో పంపిన లింకు నొక్కితే పేజీ తెరుచుకుంటోంది గానీ, అక్కడ పొడుగు పెట్టె ఉండటం లేదు, మరి గడప ఎక్కడ అన్నది రెండోది. చాలా మెసేజీల యాప్‌లు, సామాజిక మాధ్యమాల యాప్‌లు లింకులను తమ లోపలి బ్రౌజర్‌లోనే తెరుస్తాయి, అందులో ఎక్స్‌టెన్షన్లు పనిచేయవు, దాచుకున్న పాస్‌వర్డ్‌లు అందకపోవచ్చు, కొన్నింటిలో చిరునామా కూడా సరిగా కనపడదు. మూల మీద మూడు చుక్కలు నొక్కి బయటి బ్రౌజర్‌లో తెరవమని చెప్పవచ్చు, కొన్ని యాప్‌లలో ఎప్పుడూ అలాగే తెరవమని సెట్టింగు పెట్టవచ్చు. ఆవిడ ఫోన్‌లో అలాంటి యాప్‌లు ఐదున్నాయి. వాటిని ఒక్కొక్కటే చూడటానికి వచ్చే ఆదివారం మళ్లీ వెళ్తున్నాను.